చుక్కలో దొరకనిది మీటర్లో కనబడదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు బయోసెన్సర్ల చుట్టూ తిరిగాయి, అంటే బాక్టీరియా లాంటివాటిని జీవపదార్థంతో పట్టి కబురు చెప్పే పరికరాలు. అయిదోదాంట్లో పరికరం లేదు గానీ, సంగతి అదే. ఒకరి దగ్గరికి సేల్స్ కుర్రాడు వచ్చాడట, ఇంకొకరు వాట్సాప్‌లో వీడియో చూశారట, ఒకబ్బాయికి ప్రాజెక్టు గడువు దగ్గర పడిందట. డెయిరీ ల్యాబ్‌లో 31 ఏళ్లు గాజు గొట్టాలతో కాపురం చేసినదాన్ని, వీటిని పక్కన పెట్టబుద్ధి కాలేదు. ఇడ్లీ పిండి ఎందుకు పొంగడం లేదని అడిగినవాళ్లు ఏమీ అనుకోకండి, మీ సంగతి వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అత్తయ్యగారికి షుగర్ ఉంది. వేలి మీద చుక్క రక్తం తీసి స్ట్రిప్‌కి అంటిస్తే అయిదు సెకన్లలో నంబర్ వస్తుంది. మా అమ్మాయి హాస్టల్లో నీళ్లు పడక వారం రోజులు విరేచనాలతో మంచం పట్టింది. ఆ నీళ్లు టెస్టుకిస్తే రిపోర్టు మూడో రోజు వచ్చింది. అప్పటికి పిల్లని ఇంటికి తెచ్చేసుకున్నాం కూడా. షుగర్‌కి ఉన్న మీటర్ నీళ్లలో బాక్టీరియాకి ఎందుకు లేదు? — ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, మీ అత్తయ్యగారి మీటరే అసలైన బయోసెన్సర్. దీనికి మూలం 1962లో లేలాండ్ క్లార్క్ అనే అమెరికన్ చూపిన ఉపాయం. రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఎలక్ట్రోడ్‌ని ఆయన అప్పటికే తయారుచేసి ఉన్నాడు. దాని మీద గ్లూకోజ్‌ని పట్టే ఎంజైమ్‌ని పొరలా అమర్చాడు. మీ ఇంట్లో పారేసే స్ట్రిప్ దానికి మునిమనవరాలు.

ఈసారి పారేసే ముందు ఆ స్ట్రిప్ కొసని వెలుతురులో చూడండి. సన్నటి సందు ఒకటి కనిపిస్తుంది. రక్తాన్ని మనం నెట్టనక్కర్లేదు, అదే పీల్చుకుంటుంది. ఆ సందులో ఎంజైమ్ ఎండిన పూతలా ఉంటుంది. రక్తంలో ఎన్ని ఉన్నా అది చెయ్యి చాచేది గ్లూకోజ్ కోసమే. గ్లూకోజ్ తగలగానే దాని ఎలక్ట్రాన్లు లాగి కింద ఉన్న కరెంటు మోసే గీతలకి అందిస్తుంది, ఆ కరెంటుని మీటర్ కొలుస్తుంది. పట్టుకునే జీవపదార్థం ఒకటి, పట్టు దొరికిందని కబురు చెప్పే కరెంటో, కాంతో, బరువో ఒకటి. ఈ రెండూ కలిస్తే బయోసెన్సర్.

బాక్టీరియాని పట్టడానికి కూడా చేతులున్నాయి. యాంటీబాడీలు ఉన్నాయి. దాని డీఎన్‌ఏకి జోడీగా అతుక్కునే డీఎన్‌ఏ ముక్కలు ఉన్నాయి. తనకి సరిపడే బాక్టీరియాని తప్ప ఇంకొకదాన్ని ముట్టని ఫేజ్ వైరస్‌లు ఉన్నాయి. కబురు చెప్పేవాటిలో నాకు ముచ్చటేసేది క్వార్ట్జ్ బిళ్ల. కరెంటిస్తే సెకనుకి లక్షల సార్లు కంపిస్తుంది. మీద బాక్టీరియా అంటుకుంటే ఆ కాస్త బరువుకే కంపనం తగ్గుతుంది.

మరి చిక్కెక్కడ? లెక్కలో. షుగర్ 100 ఉన్న మనిషి రక్తంలో అర మైక్రోలీటర్ తీసుకోండి, అంటే మిల్లీలీటర్లో రెండు వేలో వంతు. అందులో గ్లూకోజ్ అణువులు పదిహేను కోట్ల కోట్లకి పైనే ఉంటాయి. చుక్క ఎక్కడినుంచి తీసినా గ్లూకోజ్ తగలకుండా పోదు. నీళ్ల సంగతి వేరు. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం 100 మిల్లీలీటర్లలో పేగుల్లో ఉండే ఇ.కోలి అనే బాక్టీరియా ఒక్కటి కూడా కనబడకూడదు. ఆ 100 మిల్లీలీటర్లలో స్ట్రిప్ పీల్చే చుక్కలు రెండు లక్షలుంటాయి. ఇ.కోలి ఒక్కటే ఉంటే, మీరు తీసిన చుక్కలోనే అది ఉండే అవకాశం రెండు లక్షల్లో ఒకటి. మీటర్ ఎంత గొప్పదైనా, చుక్కలోకి రానిదాన్ని ఎలా చూపిస్తుంది?

అందుకే ల్యాబ్‌లో ముందు దానికి తిండి పెట్టి పెంచుతారు. వెచ్చగా ఉంచితే ఇ.కోలి 20 నిమిషాలకోసారి రెండవుతుంది. ఒకటి ఏడు గంటల్లో ఇరవై లక్షలు దాటుతుంది. ఇది పుస్తకం లెక్క. క్లోరిన్ దెబ్బ తిని నీరసించినవి లేచి కూర్చోడానికే కొన్ని గంటలు పడుతుంది. మీ రిపోర్టు మూడో రోజు రావడానికి సగం కారణం ఈ పెంపకం. మిగతా సగం ఏమిటో ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. 'పది నిమిషాల్లో ఫలితం' అనే ప్రకటనల్లో చాలావాటికి ఆ పది నిమిషాలు మొదలయ్యేది ఈ పెంపకం అయ్యాకే. దీన్ని తగ్గించడానికి అడ్డదారులు లేకపోలేదు. నీళ్లన్నీ సన్నటి పొరలోంచి వడకట్టి పైన మిగిలినదాన్ని తీసుకుంటారు. లేదా యాంటీబాడీ పూసిన అయస్కాంతపు పూసలు వేసి కలిపి, అవి పట్టుకున్నవాటిని మాగ్నెట్‌తో పక్కకి లాగుతారు. మంచి పనే. కానీ హాస్టల్ వంటింట్లో చేసే పని కాదు.

మీకు పనికొచ్చేది నల్లబడే సీసా. 1982లో గ్వాలియర్ రక్షణ పరిశోధన ల్యాబ్ వాళ్లు దీని గురించి ప్రచురించారు. పల్లెల్లో నీళ్లు చూడటానికి ఇప్పటికీ వాడుతున్నారు. చిన్న సీసాలో మందు పట్టించిన కాగితం ఉంటుంది. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి అలమరలో పెట్టడమే. మన ఊళ్ల వేడికి ఇంక్యుబేటర్ కూడా అక్కర్లేదు. పేగుల్లోంచి వచ్చే బాక్టీరియా చాలావాటి వెంట హైడ్రోజన్ సల్ఫైడ్ వదిలేవి ఉంటాయి, ఆ వాయువు తగిలి కాగితం నల్లబడుతుంది. మొదట అంచున పెన్సిల్ గీసినట్టుంటుంది, తెల్లారేసరికి సీసా అంతా కాటుక. ఒకటి రెండు రోజులు పడుతుంది. ఎన్ని ఉన్నాయో చెప్పదు, ఏ జాతో చెప్పదు. పేగులకి సంబంధం లేనివి కూడా ఒక్కోసారి నల్లగా చేస్తాయి. అయినా నల్లబడిందంటే ఆ నీళ్లు కాచకుండా తాగకండి. వార్డెన్ ముందు టేబుల్ మీద పెట్టడానికి రిపోర్టు కాగితం కన్నా ఇది బాగా పనిచేస్తుంది.

నీళ్లు పట్టేటప్పుడు ఒక జాగ్రత్త. ఇది నా సొంత తప్పులోంచి నేర్చుకున్నది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక పాల శీతలీకరణ కేంద్రంలో బావి నీళ్లు చూడమన్నారు. ఆ పొద్దునే బావిలో బ్లీచింగ్ చల్లారని నాకు తెలీదు. మామూలు సీసాలో పట్టుకుని జీపులో రెండు గంటలు ప్రయాణం చేశాను. దారి పొడుగునా సీసాలో క్లోరిన్ తన పని తాను చేసుకుపోయింది. ప్లేటు మీద ఒక్క బాక్టీరియా గుంపు (కాలనీ) కూడా రాలేదు. నీళ్లు బాగున్నాయని సంతకం పెట్టాను. పది రోజులకి అక్కడ అయిదుగురికి వాంతులు, విరేచనాలు. మళ్లీ వెళ్లి, క్లోరిన్‌ని విరిచే హైపో వేసిన సీసాలో పడితే ప్లేటు నిండా కోలిఫాంలే, అంటే ఇ.కోలి చుట్టాలు. మా పెద్ద కెమిస్టు గారు తిట్టలేదు. ఆ మొదటి రిపోర్టు నా టేబుల్ అద్దం కింద పెట్టించారు, అంతే. ఏళ్ల తరబడి అది నన్ను చూస్తూ ఉండేది.

ప్రశ్న: అమ్మా, మాది భీమవరం దగ్గర. ఆరు ఎకరాల రొయ్యల చెరువు. విబ్రియో కౌంట్ కోసం ల్యాబ్‌కి నీళ్లిస్తే గ్రీన్ ఇన్ని, ఎల్లో ఇన్ని అని మర్నాడు చెబుతారు. ఇప్పుడొకాయన సెన్సర్ కిట్ తెచ్చాడు. చెరువు గట్టు మీదే పావుగంటలో తేలిపోతుందంటున్నాడు. రేటు చూస్తే గుండె ఆగింది. కొనమంటారా? — ఒక ఆక్వా రైతు

జవాబు: తమ్ముడూ, కొనేముందు ఆ గ్రీన్, ఎల్లో ఏమిటో చూద్దాం. విబ్రియోలంటే ఉప్పునీళ్లలో బతికే బాక్టీరియా. ల్యాబ్ వాళ్లు వాడే టీసీబీఎస్ ప్లేటులో పంచదారా ఉంటుంది, రంగు మార్చే మందూ ఉంటుంది. పంచదార తినే విబ్రియోలు పులుపు పుట్టించి పసుపుగా మారతాయి. తినలేనివి ఆకుపచ్చగా ఉండిపోతాయి. రొయ్యల్ని చంపగల పారాహీమోలిటికస్ అనే విబ్రియో ఆకుపచ్చ గుంపులోది కాబట్టి గ్రీన్ పెరిగితే మీ గుండె దడదడలాడుతుంది.

అసలు హంతకుణ్ని పట్టడానికి ఆ రంగు చాలదు. 2009 ప్రాంతంలో చైనాలో మొదలై వియత్నాం, మలేషియా, థాయ్‌లాండ్ చెరువుల్ని ఊడ్చేసిన ఈఎంఎస్ అనే రొయ్యల జబ్బు గురించి వినే ఉంటారు. సీడ్ వేసిన మొదటి నెలలోనే లివర్ పాలిపోయి, ముడుచుకుపోయి రొయ్య చచ్చేది. కారణం ఏ బాక్టీరియానో 2013లో అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్నర్ బృందం తేల్చింది. పారాహీమోలిటికస్సే, కానీ అన్నీ కావు. పిర్-ఎ, పిర్-బి అనే రెండు విషపు జన్యువులున్న ప్లాస్మిడ్‌ని, అంటే బాక్టీరియాలో విడిగా ఉండే డీఎన్‌ఏ ఉంగరాన్ని, మోసేవి మాత్రమే. అది లేనిది అదే జాతిదైనా ఈ జబ్బు తేలేదు. పైగా అదే ప్లాస్మిడ్ తర్వాత వేరే విబ్రియో జాతుల్లో కూడా దొరికింది. గ్రీన్ ఎక్కువున్నా చెరువు బాగుండొచ్చు, తక్కువున్నా మునగొచ్చు.

కాబట్టి ఆ కిట్ ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి మూడు సంగతులు అడగండి. మీ సెన్సర్ దేన్ని పట్టుకుంటుంది, విబ్రియో ఒంటినా, విషపు జన్యువునా? ఒంటిని పట్టే యాంటీబాడీ స్ట్రిప్ అయితే మంచిదానికీ చెడ్డదానికీ ఒకటే గీత వస్తుంది. మిల్లీలో కనీసం ఎన్ని ఉంటే చూపిస్తుంది? మామూలు స్ట్రిప్‌లకి వేలు, లక్షలు కావాలి, అప్పటికి రొయ్యే మీకు చెప్పేస్తుంది. మూడోది, ఆ సంఖ్య ఏ నీళ్లలో వచ్చింది? శుభ్రమైన నీళ్లలో అద్భుతంగా పనిచేసే సెన్సర్ చెరువు నీళ్లలో పెడితే ఉప్పు, నాచు, మేత పొడి, బురద అన్నీ కలిసి దాని ముక్కు మూసేస్తాయి. ఆయన తెచ్చిన సీసాలో నీళ్లు కాదు, మీ ఎయిరేటర్ దగ్గర నీళ్లు ముంచి మీ కళ్ల ముందే చేయమనండి. అదే నీటిలో సగం ల్యాబ్‌కి పంపండి. మూడుసార్లు రెండూ కలిస్తే అప్పుడు రేటు మాట్లాడండి.

ఇంకో మాట. ఈ బాక్టీరియా కాపురం పెట్టేది రొయ్య పొట్టలో, విషం పోయేది లివర్‌కి. నీళ్లలో వెతకడం దొంగని సంతలో వెతకడం లాంటిది. చెక్ ట్రేలో నీరసంగా కదిలే రొయ్యల్ని, సీడ్ దింపే ముందు పిల్లల్ని పీసీఆర్‌కి, అంటే జన్యువుని వెతికే ల్యాబ్ పరీక్షకి, ఇవ్వండి. ల్యాంప్ అనే పద్ధతి కూడా వచ్చింది. పీసీఆర్ లాగా వేడెక్కిస్తూ చల్లారుస్తూ ఉండక్కర్లేదు, 60–65 డిగ్రీల దగ్గర ఒకే వేడిలో గంటలోపు జన్యువుని పెంచి చూపిస్తుంది. గట్టు మీదికి ఏదైనా వస్తే అలాంటిదే రావాలని నా ఆశ.

ప్రశ్న: మేడమ్, కర్నూల్లో మాకు రెండు హోటళ్లున్నాయి. పెన్నులాంటి పుల్లతో కటింగ్ బోర్డు తుడిచి, మెషీన్లో పెడితే 15 సెకన్లలో అంకె వస్తోంది. తక్కువ వస్తే బాక్టీరియా లేనట్టే అని కంపెనీ మనిషి అన్నాడు. నిజమేనా?

జవాబు: సగం నిజం. ఆ పుల్లలో ఉన్నది మిణుగురు పురుగు వెలుగు. ప్రాణమున్న ప్రతి కణంలో ఏటీపీ అనే శక్తినిచ్చే పదార్థం ఉంటుంది. మిణుగురు ఎంజైమ్‌కి ఏటీపీ అందితేనే వెలుగు పుడుతుందని 1947లో బాల్టిమోర్‌లో విలియం మెకెల్రాయ్ కనిపెట్టారు. మిణుగురుల కోసం ఆయన ఊళ్లో పిల్లలకి నూటికి పావు డాలర్ చొప్పున ఇచ్చేవారట. ఇప్పుడు ఆ ఎంజైమ్‌ని ల్యాబ్‌లోనే తయారుచేస్తున్నారు, పురుగులు బతికిపోయాయి.

ఏటీపీ బాక్టీరియాలోనే కాదు, టమాటా రసంలోనూ ఉంటుంది, చికెన్ ముక్కలోనూ ఉంటుంది. అంకె ఎక్కువొస్తే బోర్డు సరిగ్గా కడగలేదని అర్థం, ఏ బాక్టీరియా అన్నది మాత్రం తెలీదు. తక్కువొస్తే విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా లేదని కూడా కాదు, కొద్దిపాటి బాక్టీరియాలో ఉండే ఏటీపీ ఆ మెషీన్‌కి ఆనదు. కుర్రాళ్లు గిన్నెలు, బల్లలు ఎలా కడుగుతున్నారో చూడటానికి కొనండి. ఆ పనికి బాగుంటుంది.

తుడిచే చోటు కూడా మీరే ఎంచండి. ఒక వేసవిలో మా పాలు కాచగానే విరిగిపోతున్నాయని ఇళ్లనుంచి ఒకటే ఫోన్లు. మేం రోజూ స్వాబ్ తీస్తున్నాం, అన్నీ శుభ్రం. ఎక్కడ తీస్తున్నాం? అద్దంలా మెరిసే పైపు వంపు దగ్గర, చెయ్యి సులువుగా అందుతుంది కాబట్టి. చివరికి ఫిట్టర్ వాల్వు విప్పి రబ్బరు వాషర్ బయటికి తీశాడు. వెనకవైపు పచ్చటి జిగురు, గోటితో గీకితే ఊడి వచ్చింది. మీ హోటల్లో అలాంటి చోట్లు మీకే తెలుసు. మిక్సీ బ్లేడు కింద, ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతలో, చట్నీ గరిటె పిడి అతుకులో.

ప్రశ్న: గౌరవనీయులైన మేడమ్‌కి, కాకినాడలో ఈసీఈ ఫైనల్ ఇయర్. ఇ.కోలి బయోసెన్సర్ ప్రాజెక్టు తీసుకున్నాను. మురుగు నీళ్లు తెచ్చి రూములోనే పెంచి టెస్ట్ చేద్దామనుకుంటున్నాం. సలహా ఇవ్వగలరు.

జవాబు: బాబూ, రూములో పెంచొద్దు. ఆ ప్లేటు పక్కనే మ్యాగీ తినే మీ సంగతి నాకు తెలుసు. మురుగులో నువ్వు అనుకున్న ఇ.కోలి ఒక్కటే ఉండదు. తప్పదంటే మీ ఊళ్లో మైక్రోబయాలజీ ల్యాబ్ ఉన్న కాలేజీకి వెళ్లి, హాని చెయ్యని ల్యాబ్ రకం కె-12తో, అక్కడి మేడమ్ ఎదురుగా చెయ్యండి.

నన్నడిగితే మీ చేతుల్లో ఉన్న విద్యకి సరిపోయే పని వేరే ఉంది. డెయిరీలో మేం చేసే నీలం రంగు పరీక్ష. 10 మిల్లీల పచ్చిపాలలో 1 మిల్లీ మిథిలీన్ బ్లూ వేసి, 37 డిగ్రీల నీళ్ల తొట్టిలో గొట్టం పెడతాం. పాలలో బాక్టీరియా ఆక్సిజన్ తినేసే కొద్దీ నీలం పోయి పాలు మళ్లీ తెల్లబడతాయి. అరగంటలో తెల్లబడితే నాసిరకం పాలు, అయిదు గంటలు దాటినా నీలంగా ఉంటే అమృతం. పట్టడానికి వేరే ఎంజైమ్ అక్కర్లేదు, బాక్టీరియానే సెన్సర్. పేదవాడి బయోసెన్సర్ అనేదాన్ని నేను. దీంట్లో కష్టమల్లా అరగంటకోసారి మనిషి లేచి చూడాలి, రాత్రి షిఫ్టులో ఆ మనిషి నిద్రపోతాడు.

ఆ కన్ను మీరు తయారుచెయ్యండి. మిథిలీన్ బ్లూ ఎరుపు కాంతిని మింగుతుంది, 660 నానోమీటర్ల దగ్గర బాగా. ఎర్ర ఎల్‌ఈడీ, ఒక ఫొటోడయోడ్ చాలు. పాలలోంచి వెలుగు దూరదు కాబట్టి తిరిగొచ్చే వెలుగుని కొలవాలి. గొట్టం పైభాగం మీద గురిపెట్టకండి. గాలి తగిలే చోట వేలెడు మందాన నీలం ఉంగరం చివరిదాకా ఉండిపోతుంది. మొదటి నెలలో నన్ను మోసం చేసింది అదే.

ప్రశ్న: అమ్మా, నేను గుంటూరులో రిటైర్డ్ టీచర్ని. మా అబ్బాయి హాంబర్గ్‌లో ఉంటాడు. నేను రోజూ పొద్దున్నే పచ్చి మెంతి మొలకలు తింటానంటే ఫోన్లో గొడవ చేస్తున్నాడు. జర్మనీలో ఏదో జరిగిందంటాడు. తరతరాలుగా తింటున్నాం, ఇది అతి కాదా?

జవాబు: మాస్టారూ, జరిగింది ఆ హాంబర్గ్ చుట్టుపక్కలే, 2011 మేలో. ఇ.కోలి ఓ104:హెచ్4 అనే రకం. నాలుగు వేలకి దగ్గరగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా పోయారు. ఎందరికో కిడ్నీలు దెబ్బతిన్నాయి. వాళ్ల దగ్గర లేని యంత్రం లేదు. ముందు స్పెయిన్ దోసకాయల్లో విషం చేసే ఇ.కోలి దొరికిందన్నారు. రైతులు దోసకాయలు పారబోసుకున్నారు. తీరా చూస్తే దొరికినది వేరే రకం, మనుషుల్ని పడగొట్టినది అది కాదు.

అసలుది పట్టుబడింది హోటళ్లలో. ఎవరు ఏ వంటకం తిన్నారు, వంటవాడు అందులో ఏం వేశాడు, ఆ సరుకు ఎక్కడినుంచి వచ్చింది అని ఒక్కొక్కటే ఆరా తీస్తూ పోతే మొలకలు పెంచే ఒక తోట తగిలింది. అక్కణ్నుంచి ఈజిప్టు నుంచి వచ్చిన మెంతుల దాకా దారి దొరికింది. ఆ మెంతుల్ని ఎన్నిసార్లు పరీక్షించినా బాక్టీరియా మాత్రం దొరకలేదు. బస్తాలో ఏ గింజ పగులులో ఉందో, పిడికెడు తీస్తే ఎలా తగులుతుంది? తెనాలి అమ్మగారికి చెప్పిన చుక్క లెక్కే.

మనం మొలకలు ఎలా కడతామో చూడండి. తడిగుడ్డ, చీకటి, వెచ్చదనం, రెండు రోజులు. నేను ల్యాబ్‌లో డబ్బు పోసి ఇంక్యుబేటర్ కొని చేసిన పని అదే. గింజలో ఒక్కటి ఉన్నా మొలకొచ్చేసరికి కోట్లవుతుంది. మీ తాతగారు తిన్న మెంతులు పెరట్లోవి, మీరు తినేవి ఎక్కడివో కొట్టువాడికే తెలీదు. మానక్కర్లేదు. కొంచెం నూనెలో ఆవాలు, ఎండుమిర్చి వేసి, మొలకలు పొగలు కక్కేదాకా మూతపెట్టి మగ్గనివ్వండి. చేదు కూడా కాస్త తగ్గుతుంది. అబ్బాయికి ఫొటో పంపండి.